టామ్ సాయర్‌లో చచ్చిన పిల్లి

టామ్ సాయర్ ఎప్పుడో చిన్నప్పుడు చదివినవాళ్లని ఆ కథ చెప్పమనండి. కంచెకి వెల్ల వేసిన ముచ్చటతోనే మొదలుపెడతారు. చాలామంది అక్కడే ఆపేస్తారు కూడా. శనివారం పూట ఊరి పిల్లలంతా ఆడుకోడానికి పోతుంటే, ముప్పై గజాల పొడవూ తొమ్మిదడుగుల ఎత్తూ ఉన్న చెక్క కంచెకి వెల్ల వేయమని పాలీ పెద్దమ్మ టామ్‌ని నిలబెడుతుంది. వాడు అదేదో మహాభాగ్యమైనట్టు నటించి, వచ్చేపోయే పిల్లలందరి చేతా ఆ పని చేయిస్తాడు. చేయనిచ్చినందుకు వాళ్లే వాడికి గోళీలూ, గాలిపటమూ, ఒంటికన్ను పిల్లిపిల్లా, ఏ తాళానికీ పట్టని తాళంచెవీ సమర్పించుకుంటారు. ఎన్నిసార్లు చదివినా నాకు నవ్వు ఆగదు.

మా ఎనిమిదో తరగతిలో ఈ పుస్తకం చదివి, కథలోని ముఖ్య సంఘటనలు ఏరమన్నప్పుడు గొడవ మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ కంచె దగ్గరే. "అంత బాగున్న ముక్క ముఖ్యం కాదంటే ఎట్టా టీచర్?" అని మీదికొస్తారు. ఆ గొడవ రావాలనే నేను ఈ పుస్తకం ఎంచుకున్నాను.

నేను రేపల్లె వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నవల చదివించాలని సిలబస్‌లో లేదు. లైబ్రరీ పీరియడ్ అని టైంటేబుల్లో ఒకటి ఉంటుంది, దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేయకుండా కాపాడుకుంటే చాలు, ఒక నవల చదవడానికి చోటు దొరుకుతుంది. మార్క్ ట్వేన్ 1876లో అచ్చువేయించిన ఈ నవలని మనకి తెలుగులో ఇచ్చింది నండూరి రామమోహనరావు గారు. 'విశ్వరూపం', 'నరావతారం' రాసిన ఆయనే. హకల్‌బెరీ ఫిన్‌నీ, రాజూ పేదనీ కూడా ఆయనే తెచ్చిపెట్టారు. నేను తెలుగు పుస్తకం పైకి చదువుతాను. ఇంగ్లీషుది టేబుల్ మీద పక్కన ఉంటుంది, ఎవరైనా వివరం అడిగితే అందులో వెతికి చెబుతాను. మిసిసిపీ ఒడ్డున ఉన్న చిన్న ఊరి కథ ఇది. ట్వేన్ పెరిగిన హానిబాల్ అన్న ఊరినే పేరు మార్చి రాశాడు. కృష్ణ పక్కన పుట్టిన మా పిల్లలకి నది గురించి వేరే చెప్పక్కర్లేదు. టామ్, వాడి స్నేహితులు హక్ (హకల్‌బెరీ ఫిన్), జో హార్పర్ ఇంట్లోంచి పారిపోయి నది మధ్య జాక్సన్ దీవిలో దాక్కున్నారని చదవగానే, "లంకలోకి పోయారా టీచర్!" అన్నారు. ఆ రోజునుంచీ మా క్లాసులో అది జాక్సన్ లంకే.

మొదట్లో పిల్లల్ని ముఖ్యమైనవి రాయమంటే రెండు రకాలుగా రాసుకొస్తారు. కొందరు అన్నీ రాస్తారు. టామ్ దొంగతనంగా జామ్ తిన్నాడు, అప్పుడేమో పెద్దమ్మ పట్టుకుంది, అప్పుడేమో వాడు కంచె దూకి పారిపోయాడు, అప్పుడేమో... ఇలా నోటుపుస్తకంలో మూడు పేజీలు. ఇంకొందరు ఒక్క ముక్కతో సరిపెడతారు: 'టామ్ అల్లరి పిల్లవాడు.' అది నిజమే కానీ సంఘటన కాదు కదా. దానికి ముందూ లేదు, వెనకా లేదు. సంఘటన అంటే అది జరగకముందు ఒకలా ఉన్నది జరిగాక ఇంకోలా అయిపోవాలి అని చెబితే కొంచెం దారిలో పడతారు.

వాళ్లని అని లాభం లేదు. మన పరీక్షలు అలవాటు చేసింది అదే. పదో తరగతిలో రామాయణం ఉపవాచకం. పరీక్షలో వాక్యాలు తారుమారు చేసి ఇచ్చి, సంఘటనల్ని వరుసలో పెట్టమంటారు. పిల్లలు చక్కగా పెడతారు, మార్కులు వస్తాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది వాళ్లకి కొట్టిన పిండి. ఏది దేనివల్ల జరిగిందని మాత్రం ఎవరూ అడగరు. గైడులో ఉండదు, క్వశ్చన్ బ్యాంకులోనూ ఉండదు.

నేను చేసేది చాలా మామూలు పని. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని చీటీలుగా కోస్తాను. అధ్యాయం చదవడం అయ్యాక బెంచీకి ఒక చీటీ. అందులో ఒక్క వాక్యం రాయాలి: ఈ అధ్యాయంలో ఏం జరిగింది? ఎవరు, ఏం చేశారు. అంతే. అన్నీ చదివి, అందరూ ఒప్పుకున్న చీటీని గోడకి కట్టిన తాడుకి బట్టల క్లిప్పుతో తగిలిస్తాం. పుస్తకం సగానికి వచ్చేసరికి తాడు నిండుతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తాడు మీదనుంచి చీటీలు తీసేయాలి. తీసేసినా మిగతా కథ నిలబడుతుందంటే ఆ చీటీ కిందికి వస్తుంది. నిలబడదంటే అక్కడే ఉంటుంది.

దీనికి పేరు పెట్టింది చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి. నేను తీసేయడం, నిలబడటం అని ఏదో చెబుతున్నాను, వాడు మధ్యలో అందుకుని, "ఫార్వర్డ్ కొట్టొచ్చా లేదా, అంతేగా టీచర్?" అన్నాడు. ఫోన్లో సినిమా చూస్తూ పాట రాగానే ముందుకు జరిపేస్తారు. పాట ఎంత బాగున్నా సరే, జరిపేస్తే కథ తెలియకపోవడం అంటూ ఉండదు. అదే విలన్ ఫోన్ మాట్లాడే సీను జరిపేస్తే, ఇంటర్వెల్లో వాడెందుకు చచ్చాడో అర్థం కాక మళ్లీ వెనక్కి రావాలి. నేను అరగంట చెప్పినా అంత బాగా తలకెక్కించలేను. ఆ రోజునుంచీ ఫార్వర్డ్ చీటీ, ఆపే చీటీ అనే మాటలే మాకు వాడుక అయిపోయాయి.

కంచె సంగతి ఈ లెక్కన చూశాం. కంచె వల్ల టామ్‌కి వస్తువులొచ్చాయి. ఆ వస్తువులిచ్చి మర్నాడు ఆదివారం బడి దగ్గర మిగతా పిల్లల టికెట్లు కొన్నాడు. రెండు వాక్యాలు కంఠస్థం చేస్తే ఒక నీలం టికెట్టు, పది నీలాలకి ఒక ఎర్రది, పది ఎర్రవాటికి ఒక పసుపుది, పది పసుపువాటికి బైబిలు బహుమతి. అంటే రెండు వేల వాక్యాలు. టామ్ ఒక్కటీ సరిగ్గా నేర్చుకోకుండా టికెట్లు చూపించి బహుమతి తీసుకుంటాడు. తీరా జడ్జీగారు మొదటి ఇద్దరు శిష్యుల పేర్లు చెప్పమంటే 'డేవిడ్, గోలియత్' అంటాడు. మా పిల్లల్లో చర్చికి వెళ్లేవాళ్లు ముందు నవ్వారు, తర్వాత మిగతావాళ్లకి వివరించారు, అప్పుడు వాళ్లూ నవ్వారు. కంచె వల్ల టికెట్లు, టికెట్ల వల్ల పరువు పోవడం. ఆ పరువు పోవడం వల్ల ఏమైంది? ఏమీ కాలేదు. ట్వేన్ కూడా అక్కడితో తెర దించేసి వెళ్లిపోతాడు. దారి అక్కడ ఆగిపోయింది. ఫార్వర్డ్.

"నాకు నచ్చలేదు టీచర్," అంది ముందు బెంచీ అమ్మాయి. నచ్చక్కర్లేదన్నాను. బాగుండటం వేరు, కథని నడపడం వేరు. నవల్లో అన్నిటికంటే బాగున్న అధ్యాయమే కథకి అక్కర్లేనిది అయినా రచయితకి తప్పేం లేదు. టామ్ ఎలాంటివాడో మనకి అక్కడే తెలిసింది కదా. చీటీ తాడు మీదనుంచి తీసి పక్కన కిటికీ చువ్వకి తగిలించాం. బాగున్నవాటికి కిటికీ.

ఇక చచ్చిన పిల్లి. సోమవారం పొద్దున టామ్ బడికి వెళ్తుంటే దారిలో హక్ ఎదురవుతాడు, చేతిలో చచ్చిన పిల్లి. దాంతో పులిపిర్లు పోతాయట. దుర్మార్గుణ్ని పాతిపెట్టిన రోజు అర్ధరాత్రి శ్మశానానికి తీసుకెళ్లి, దయ్యాలు వచ్చినప్పుడు వాటి వెనక విసిరేస్తే పులిపిర్లు కూడా వెంటపడి పోతాయట. టామ్ నేనూ వస్తానంటాడు. పిల్లలు చదువుతూ చదువుతూ నవ్వి దాటేసే పేజీ అది. చీటీ మీద కూడా ఏ బెంచీ వాళ్లూ పిల్లి గురించి రాయలేదు. 'టామ్‌ని బెకీ పక్కన కూర్చోబెట్టారు' అని రాశారు. బెకీ అంటే టామ్ మనసుపడ్డ పిల్ల, వాళ్ల వయసుకి అదే కనిపిస్తుంది మరి.

తాడు దగ్గర నిలబడి వెనక్కి నడిచాం. రాత్రి శ్మశానంలో జో అనే దుర్మార్గుడు (జో హార్పర్ కాదు) డాక్టర్ రాబిన్సన్‌ని పొడిచి చంపాడు. కత్తి వాడితో వచ్చిన మఫ్ పాటర్‌ది. పాటర్ దెబ్బ తగిలి స్పృహ లేకుండా పడి ఉంటే కత్తి వాడి చేతిలో పెట్టాడు. టామ్, హక్ చాటున ఉండి అంతా చూశారు. ఇది ఆపే చీటీ అని ఎవరికీ అనుమానం లేదు. సరే, టామ్, హక్ అక్కడికి ఎందుకెళ్లారు? పులిపిర్లకి. ఎట్టా వెళ్లారు? పిల్లి ఉంది కాబట్టి. పిల్లి లేకపోతే? ఒక్క క్షణం ఆలోచించి, "హత్య జరుగుద్ది కానీ ఎవరూ చూడరు," అన్నాడు ఒకడు. ఎవరూ చూడకపోతే పాటర్‌కి ఉరి పడుతుంది, కథ అయిపోతుంది. హత్య జరగడం కంటే దాన్ని ఈ ఇద్దరు పిల్లలు చూడటమే ముఖ్యమని వాళ్ల నోటినుంచే వచ్చింది. చీటీ మీద 'జో డాక్టర్‌ని చంపాడు' అన్నది కొట్టేసి, 'జో చంపడం టామ్, హక్ చూశారు' అని తిరగరాశారు. ఈ చిన్న దిద్దుబాటు రావడానికి ఒక పీరియడ్ మొత్తం పట్టినా నాకు నష్టం అనిపించలేదు.

అంతటితో అయిపోలేదు. టామ్ బడికి ఆలస్యంగా వెళ్తాడు. ఎందుకు ఆలస్యమని మాస్టారు అడిగితే, అబద్ధం చెప్పబోయి, ఆడపిల్లల వైపు బెకీ పక్కన ఖాళీ కనబడి, హకల్‌బెరీ ఫిన్‌తో మాట్లాడుతూ ఆగిపోయానని నిజమే చెప్పేస్తాడు. ఊళ్లో హక్‌తో మాట్లాడటమే నేరం. బెత్తం దెబ్బలు పడ్డాక, పో, ఆడపిల్లల్లో కూర్చో అంటాడు మాస్టారు. వాడికి కావాల్సిందీ అదే. అంటే బెకీతో స్నేహం మొదలైంది కూడా ఆ పిల్లి దగ్గరే! హత్య దారీ, బెకీ దారీ రెండూ ఒకే చోట, రోడ్డు మీద ఒక చచ్చిన పిల్లి దగ్గర చీలాయి. నవల చివర గుహలో ఆ రెండు దారులూ కలిసేదాకా ఎక్కడా కలవవు. ట్వేన్ ఇది కావాలనే చేశాడా, చేయి తిరిగినవాడు కాబట్టి అలా పడిందా అంటే నేను కావాలనే చేశాడంటాను.

ఇంకో మాట. హంతకుడు జో పేరుకి ముందు పుస్తకంలో ఒక జాతి మాట తగిలించి ఉంటుంది, ఆదివాసుల్ని తక్కువ చేసే మాట. దాన్ని నేను పైకి చదవను, జో అని చదువుతాను. ఎందుకు మానేస్తున్నానో పిల్లలకి చెబుతాను, వాళ్లకి అలాంటి మాటలు ఊళ్లో వినిపించేవే కాబట్టి తొందరగానే అర్థమవుతుంది. దాంతో ఇద్దరు జోలు అయ్యారు, జో హార్పర్‌తో కలిపి. కొన్నాళ్లు చీటీల్లో పాపం జో హార్పరే డాక్టర్‌ని చంపేశాడు.

చప్పుడు లేని సంఘటనలని పట్టుకోవడం వీటన్నిటికంటే కష్టం. కత్తిపోటు ఎవరికైనా కనిపిస్తుంది. జైలు కిటికీ దగ్గర జరిగేది కనిపించదు. విచారణకి ముందు టామ్, హక్ చాటుగా వెళ్లి పాటర్‌కి పొగాకు, అగ్గిపెట్టె అందిస్తుంటారు. ఊరంతా నన్ను మరిచిపోయింది, మీరిద్దరే మరిచిపోలేదంటూ వాడు వాళ్లకి కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. వాడు నేరం చేయలేదని తెలిసీ నోరు విప్పని పిల్లలకి! ఆ అధ్యాయానికి అన్ని బెంచీలవాళ్లూ 'కోర్టులో టామ్ నిజం చెప్పాడు' అని రాశారు. ఎందుకు చెప్పాడు? రక్తంతో సంతకం పెట్టి ఒట్టు వేసుకున్నారు, చెబితే జో చంపేస్తాడని భయం, అయినా ఎందుకు చెప్పాడు? "పాటర్ థాంక్స్ చెప్పినందుకు," అంది ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల. తిడితే తట్టుకునేవాడు, మెచ్చుకునేసరికి తట్టుకోలేకపోయాడట. ఆ మాట తనది, నేను ఒక్క అక్షరం కలపలేదు. కొత్త చీటీ రాసి కోర్టు చీటీకి ముందు తగిలించాం.

బెకీ చింపిన పేజీ కూడా ఇలాంటిదే. మాస్టారు సొరుగులో తాళం వేసి దాచుకునే పుస్తకం ఒకటుంది, శరీరశాస్త్రం. తాళంచెవి సొరుక్కే వదిలేసి వెళ్తే బెకీ తీసి చూస్తుంటుంది. టామ్ నీడ పడేసరికి ఉలిక్కిపడి పేజీ చింపేస్తుంది. మాస్టారు ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతూ బెకీ దగ్గరికి వచ్చేసరికి, టామ్ లేచి నేనే చింపానంటాడు. దెబ్బలు తింటాడు. అప్పటిదాకా వాళ్లిద్దరికీ మాటల్లేవు. దీన్ని ఫార్వర్డ్ కొట్టేద్దామని సగం క్లాసు అంది, 'లవ్ ట్రాక్ టీచర్, అవసరంలేదు' అని. సరే కొట్టేద్దాం అన్నాను. అలిగి ఉన్నవాళ్లు పిక్నిక్‌లో కలిసి తిరుగుతారా? తిరగరు. కలిసి తిరగకపోతే గుహలో తప్పిపోతారా? తప్పిపోరు. తప్పిపోకపోతే గుహలో కొవ్వొత్తి పట్టుకున్న జోని టామ్ చూసేవాడా? జడ్జీగారు గుహ ద్వారానికి ఇనప రేకు కొట్టించి మూయించేవారా? మూయించకపోతే జో లోపల ఆకలికి చచ్చేవాడు కాదు, జో దాచిన నిధి ఎక్కడుందో టామ్‌కి తట్టేది కాదు. పన్నెండు వేల డాలర్ల పైచిలుకు నిధి చిరిగిన ఒక పేజీ మీద ఆధారపడి ఉంది. చీటీ మళ్లీ తాడెక్కింది. లవ్ ట్రాక్ అన్నవాడే క్లిప్పు పెట్టాడు.

ఇంటర్వెల్ ఎక్కడ పడాలన్నదాని మీద పెద్ద గలాటా జరిగింది. సినిమా తీస్తే చర్చిలో అంత్యక్రియల దగ్గర ఇంటర్వెల్ పడాలని సగం మంది, కోర్టులో జో కిటికీలోంచి దూకి పారిపోయాక పడాలని సగం మంది. లంకలోంచి చాటుగా వచ్చి తమ అంత్యక్రియల ప్రార్థన తామే వినడం ఎంత గొప్ప సీనైనా, హత్య కథకి అది సంబంధం లేదని, దాన్ని తీసేసినా ఏమీ కాదని కోర్టు పార్టీ వాదన. నిజానికి నాదీ అదే అభిప్రాయం. కానీ చర్చి పార్టీలో ఒకమ్మాయి ఇంకో సంగతి చూపించింది. ఆ సీన్లో టామ్‌నీ జో హార్పర్‌నీ ఇంట్లోవాళ్లు వాటేసుకుంటే హక్ ఒక్కడే ఎటుపోవాలో తెలియక నిలబడతాడు. హక్‌ని చూసి కూడా ఎవరో ఒకరు సంతోషించాలి కదా అని టామ్ పెద్దమ్మతో అంటాడు. చివర్లో విడో డగ్లస్ హక్‌ని ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటుంది. 'వాడికి ఎవరూ లేరని అందరికీ అక్కడే తెలిసింది టీచర్.' తెలిసినంత మాత్రాన ఆమె పెంచుకోలేదు, జో బారినుంచి హక్ తనని కాపాడాడు కాబట్టి పెంచుకుంది. అయినా ఆ మాట కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. ఫార్వర్డ్ పరీక్షకి లొంగని సంఘటనలు ఇలా కొన్ని ఉంటాయి. వాటివల్ల తర్వాతది జరగదు, కానీ తర్వాతది జరిగినప్పుడు మనకి వింతగా అనిపించకుండా చేస్తాయి.

పాలీ పెద్దమ్మ మందు టామ్ పిల్లికి తాగించడం, మాస్టారి విగ్గు పిల్లి చేత లాగించడం లాంటివి మాత్రం ఏ వాదనా లేకుండా కిటికీకి వెళ్లిపోయాయి. ఈ నవల్లో పిల్లులు చాలానే ఉన్నాయి, కథకి పనికొచ్చింది చచ్చినదొక్కటే.

అందరికంటే నన్ను ఇరుకున పెట్టింది గాలిపటం దారం. పుస్తకం అయిపోవస్తోంది. గుహలో కొవ్వొత్తులు అయిపోయాయి, బెకీ కదల్లేని స్థితిలో ఉంది. టామ్ జేబులోంచి గాలిపటం దారం తీసి ఒక రాయికి కట్టి, దాన్ని విప్పుకుంటూ చీకట్లో ఒక్కో దారీ వెతుకుతాడు. మూడో దారిలో దారం చివరంటా వెళ్లాక, ఇంక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా ఎక్కడో చుక్కంత వెలుతురు. దారం వదిలేసి పాక్కుంటూ వెళ్లి తల బయట పెడితే మిసిసిపీ. చదవడం ఆపగానే ముందు బెంచీ అమ్మాయి, అదే కంచె విషయం నచ్చలేదన్నపిల్ల, లేచి నిలబడింది. "గాలిపటం ఎక్కడిది టీచర్?"

క్లాసు ఒక్కసారిగా అర్థం చేసుకుంది. కంచె దగ్గర బిల్లీ ఫిషర్ ఇచ్చినదే! కంచె వల్ల గాలిపటం, గాలిపటం వల్ల దారం, దారం వల్ల ప్రాణం. కంచె లేకపోతే ఇద్దరూ గుహలోనే పోయేవాళ్లు. కిటికీకి ఉన్న చీటీ తెచ్చి తాడుకి పెట్టేశారు కూడా. పుస్తకంలో చూపించమన్నాను, మా క్లాసులో అదొక్కటే చట్టం. కంచె అధ్యాయంలో గాలిపటం ఉంది, బాగున్న గాలిపటమే అని కూడా ఉంది. గుహ అధ్యాయంలో దారం ఉంది. ఆ దారం ఈ గాలిపటానిదే అని చెప్పే వాక్యం మాత్రం తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. మధ్యలో బడికి సెలవులు కూడా వచ్చేశాయి. వాడి జేబులో దారం ఎప్పుడూ ఉంటుందని ఒకడు, ఎప్పుడూ ఉండేది ఆ గాలిపటం దొరికాకే అని ఇంకొకడు. హక్ పిల్లిని కొన్నది కూడా ఒక నీలం టికెట్టు ఇచ్చే కదా, కంచెకీ పిల్లికీ ఏమైనా లంకె ఉందా అని మరొకరికి అనుమానం వచ్చింది. వెతికాం. ఆ టికెట్టుని హక్ రెండు వారాల కింద బెన్ రోజర్స్ దగ్గర కొన్నాడని పుస్తకంలోనే ఉంది, కంచెకి ముందే. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. దారం సంగతి అలా మూసుకుపోలేదు. చివరికి కంచె చీటీ పక్కన పెద్ద ప్రశ్నార్థకం వేసి తాడుకీ కిటికీకీ మధ్య గోడకి అతికించారు. నిజం చెప్పాలంటే నాకు ఆ ప్రశ్నార్థకం నచ్చింది. 'ముఖ్య సంఘటనలు రాయండి' అంటే ఐదు వాక్యాలు అప్పజెప్పే పిల్లలు, ఆధారం ఉందా లేదా అని ఇంగ్లీషు పుస్తకం పేజీలు తిప్పించారు నాచేత.

ట్రైనింగుల్లో మాకు ఒక చార్టు ఇస్తారు. కొండ బొమ్మ, ఎక్కడం, శిఖరం, దిగడం, ఒక్కోచోట ఒక్కో సంఘటన నింపమని గళ్లు. చిన్న కథకి పనికొస్తుందేమో. ఇలాంటి నవలకి ముందే గళ్లు గీసిస్తే పిల్లలు గళ్లు నింపుతారు, చదవరు. నేను ఆ చార్టు బీరువా లోపలివైపు అతికించాను, దుమ్ము పడకుండా ఉంటుంది. చీటీలకైతే లెక్క లేదు. ఒక ఏడాది తాడు మీద ఎక్కువ మిగులుతాయి, ఒక ఏడాది తక్కువ. రెండు క్లాసుల తాళ్లు ఎప్పుడూ ఒకేలా లేవు. మొత్తం ఎన్ని ఉండాలి టీచర్ అని అడిగేవాళ్లకి నేను సంఖ్య చెప్పను, ఆ ఒక్క విషయంలో మొండిగా ఉంటాను. చెప్పానంటే మర్నాటికి అది గైడు అయిపోతుంది.

ఇదే తాడు పదో తరగతిలో రామాయణానికి కట్టాను. వాళ్లకి పరీక్ష టెన్షన్ ఎక్కువ, ఇవన్నీ వస్తాయా టీచర్ అని ముందు సణిగారు. వరుస వాళ్లకి ఎలాగూ వచ్చు కాబట్టి పావుగంటలో తాడు నింపేసి, తీసే పని మొదలుపెట్టారు. మంథర మేడ ఎక్కి ఊరి అలంకారం చూడటం ఉంటుందా పోతుందా? చప్పుడు లేని సంఘటన. పట్టాభిషేకం సంగతి వినగానే కైక సంతోషించి మంథరకి నగ బహుమతిగా ఇచ్చిందని గుర్తుచేశాను. అంటే ఆమె మనసులో అప్పటికి ఏమీ లేదు. 'అయితే మంథర చీటీ ఆపేదే' అని వెంటనే తేల్చేశారు. శూర్పణఖ కూడా ఉంది. జటాయువు దగ్గర వాదన నడిచింది: యుద్ధం వల్ల రావణుడు ఆగలేదు, కానీ సీతని ఎత్తుకుపోయింది ఎవరో రాముడికి తెలిసింది అతని వల్లే. యుద్ధం ఫార్వర్డ్, చనిపోయే ముందు చెప్పిన మాట ఆపేది.

వాలి దగ్గర నేను కొంచెం మంట పెట్టాను. బాణం తగిలి పడిపోయాక వాలి రాముడితో ఏమంటాడు? సీత కోసమే అయితే నన్నే అడగాల్సింది, ఒక్కరోజులో తెచ్చి అప్పగించేవాణ్ని, రావణుణ్ని మెడకి కట్టి లాక్కొచ్చేవాణ్ని అంటాడు. ఇది జరక్కుండా ఉంటే ఏమయ్యేదని మనం చీటీలతో చేస్తున్న పని కథలో ఉన్నవాడే చేస్తున్నాడు. మరి రాముడు సుగ్రీవుడితో కాకుండా వాలితో స్నేహం చేసి ఉంటే ఏ చీటీలు మిగులుతాయి? వారధి పోతుంది, యుద్ధం పోతుంది అని ఒకడు హుషారుగా తీసేస్తూ పోయి, సుందరకాండ చీటీల మీద చెయ్యి వేశాడు. మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్లే బ్యాచ్ ఒకటుంది మా పదో తరగతిలో. లేచి తాడుకి అడ్డంగా నిలబడ్డారు, కథ ఏమైపోయినా సరే ఆ చీటీలు ముట్టుకోవడానికి వీల్లేదని.